మూడో తరగతి పాపకి మ్యూజియం ఎందుకు, ఎలా చూపించాలి: విజయనగరం నుంచి అడిగిన ఒక తల్లికి జవాబు

అమ్మా, మీ ప్రశ్న ఇది. మీరుండేది విజయనగరం, పాప మూడో తరగతి. దసరా సెలవుల్లో విశాఖలోనో హైదరాబాద్‌లోనో మంచి మ్యూజియం ఒకటి చూపిద్దామని మీ కోరిక. మీవారేమో "ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ రాళ్ళూ బొమ్మలూ ఏం అర్థమవుతాయి? బీచ్‌కి తీసుకెళ్తే హాయిగా ఆడుకుంటుంది. అయినా దీనివల్ల చదువుకి ఒరిగేదేమిటి?" అంటున్నారు. నిజంగా లాభముందా, ఉంటే ఎలా చూపించాలి, మనకి దగ్గర్లో ఏమున్నాయి అని అడిగారు.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ హైస్కూళ్ళలో డ్రాయింగు మేస్టారుగా చేసి రిటైరయ్యాను. పిల్లల్ని గుళ్ళకీ, మ్యూజియాలకీ, వీణలు చేసే ఊళ్ళకీ తిప్పడం నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మీవారి మాట తీసుకుందాం. మ్యూజియం చూసొస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. మ్యూజియం వల్ల పిల్లకి దొరికేది వేరే ఉంది. ఒక వస్తువు ముందు నిలబడి ఓపిగ్గా చూడటం, చూసింది నోరు తెరిచి చెప్పడం, "ఎందుకలా అంటున్నావు?" అని అడిగితే దానిలోంచే ఆధారం చూపించడం. ఈ మూడూ వచ్చిన పిల్ల ఏ సబ్జెక్టులోనైనా నిలబడుతుంది. మన చదువుల్లో ఈ మూడింటికీ వేళే దొరకదు. ప్రశ్నకి జవాబు గైడులో ఉంటుంది, పిల్ల దాన్ని అప్పజెబుతుంది, అక్కడితో సరి. బొమ్మకి గైడు లేదు. పిల్ల తన కళ్ళతోనే జవాబు వెతుక్కోవాలి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. అక్కడ ముసుగు రెబెక్కా అనే పాలరాతి విగ్రహం ఉంది. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కాడు, 1876 నాటి కొనుగోలు. మొహం మీద పల్చటి మేలిముసుగు వేసుకున్న పెళ్ళికూతురు. ముసుగూ రాయే, దానివెనక కనిపించే ముక్కూ పెదాలూ రాయే. మా బడి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఆరో తరగతి అమ్మాయి దాని ముందు ఆగిపోయింది. కాసేపు అటూ ఇటూ వంగి చూసి, "మేస్టారూ, ఈ ముసుగు తీసేస్తే లోపల ఏటుంటాది?" అంది.

"ఏముంటుందనుకుంటున్నావు?" అన్నాను.

"మొహం ఉంటాది." ఒక్క క్షణం ఆగింది. "కాదండి. అంతా ఒకే రాయి కదా. తీస్తే ఏటీ ఉండదు."

పక్కనున్న పిల్ల ఊరుకోలేదు. "మరి మొహం అగుపడతంది కదే! లేనిది ఎలాగ అగుపడతాది?"

ఇంక చూడండి, నలుగురు పిల్లలు చేరి వాదన మొదలెట్టారు. ఒకడు ముసుగు మడతలు ఎక్కడ లోతుగా ఉన్నాయో, ఎక్కడ తేలిపోయాయో చూపించాడు. ముక్కు దగ్గర మడతలు లేవు, బుగ్గ పక్కన ఉన్నాయి, అందుకే మనకి ముసుగు ముక్కుకి అంటుకున్నట్టు తెలుస్తోంది అన్నాడు. నేను ఒక్క ముక్క చెప్పలేదు. శిల్పి కన్ను ఎలా పనిచేసిందో ఆ పిల్లాడు తనంతట తాను పట్టుకున్నాడు. నీడ ఎలా వేయాలో నల్లబల్ల మీద నెలల తరబడి గీసి చెప్పినా అంత బాగా ఎక్కదు.

అదే మ్యూజియంలో ఒకే చెక్కలో ఇద్దర్ని చెక్కిన బొమ్మ ఉంది. ముందునుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక తల వంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. వెనకవైపు కనిపించడానికి అద్దం పెట్టారు. "ఇద్దరూ ఒకే చెక్కలో ఉన్నారు గానీ ఒకలినొకలు చూసుకోనేరండి" అన్నాడు మా పాలకొండ వైపు కుర్రాడు. పరీక్షల్లో ఎప్పుడూ వెనకబడే పిల్లాడు వాడు. ఆ మాట అన్నాక క్లాసులో మిగతా పిల్లలు వాడిని చూసే తీరు మారింది. చదువులో వెనకబడ్డ పిల్లలు ముందుకొచ్చి మాట్లాడే చోటు మ్యూజియం అని నా అనుభవం. అక్కడ అప్పజెప్పాల్సింది లేదు కనక భయం ఉండదు.

ఇదంతా ఒక మేస్టారి ముచ్చట అని మీవారు అనొచ్చు. అందుకని రెండు పరిశోధనలు చెబుతాను.

మొదటిది అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలోది. 2011 నవంబరులో బెంటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే పెద్ద ఆర్ట్ మ్యూజియం తెరిచారు. ఉచితంగా చూపిస్తామంటే వాళ్ళు పట్టలేనన్ని బడులు దరఖాస్తు చేశాయి. దాంతో లాటరీ వేశారు. పరిశోధకులకి అది మంచి అవకాశమైంది. లాటరీలో ముందు వెళ్ళినవాళ్ళనీ, ఇంకా వంతు రానివాళ్ళనీ పోల్చారు. 123 బడులు, దాదాపు 11 వేల మంది పిల్లలు. చూసొచ్చిన కొన్ని వారాలకి, ఎవరూ అంతకుముందు చూడని ఒక చిత్రం ఇచ్చి దాని గురించి రాయమన్నారు. మ్యూజియం చూసినవాళ్ళు ఎక్కువ వివరాలు పట్టుకున్నారు, చెప్పినదానికి కారణాలు బాగా చూపించారు. పాతకాలపు మనుషులు ఎలా బతికారో ఊహించుకోవడం, తమకి నచ్చని అభిప్రాయాన్ని కూడా ఓర్చుకోవడం వాళ్ళలో ఎక్కువగా కనిపించాయి. ఇదంతా ఒక్క పూట సందర్శనకే.

అందులో ఒక చిన్న వివరం నాకు చాలా ఇష్టం. మేపుల్ చెట్ల పాకం కాచే శిబిరాన్ని చూపించే ఒక చిత్రం అక్కడ ఉంది. ఆ రోజుల్లో బానిసలతో పండించిన చెరకు పంచదార వద్దనుకున్నవాళ్ళు ఈ పాకం వాడేవాళ్ళని పిల్లలకి చెప్పారు. వారాల తర్వాత అడిగితే 88 శాతం మంది పిల్లలకి ఆ సంగతి గుర్తుంది. ఎవరూ బట్టీ పట్టమనలేదు, పరీక్ష ఉంటుందని చెప్పలేదు. బొమ్మ ముందు నిలబడి విన్నారు కనక ఉండిపోయింది.

మనకి ముఖ్యమైన మాట ఇంకొకటుంది. పల్లెల నుంచీ చిన్న ఊళ్ళ నుంచీ, పేద కుటుంబాల నుంచీ వచ్చిన పిల్లలకి ఈ లాభం మిగతావాళ్ళకన్నా బాగా ఎక్కువగా కనిపించింది. పెద్ద నగరం పిల్లకి అది చూసిన పది వింతల్లో ఒకటి. మన పిల్లకి అదే మొదటిది. "మన ఊరి పిల్లకి అవేం తెలుస్తాయి" అనే మాటకి ఇది సూటిగా జవాబు. మన ఊరి పిల్లకే అది ఎక్కువ అవసరం.

రెండోది మీవారి కోసమే చెబుతున్నాను. పాపని డాక్టరు చేయాలని ఏ తండ్రికి ఉండదు? అమెరికాలో యేల్ వైద్య కళాశాల మొదటి సంవత్సరం విద్యార్థుల్ని ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్ళి, ఒక్కో చిత్రం ముందు నిలబెట్టి, కనిపించిందంతా వర్ణించమంటుంది. ముందు చూసింది చెప్పాలి, తర్వాతే దాని అర్థం చెప్పాలి. అలా చేసినవాళ్ళు రోగి ఫొటోల్లో లక్షణాలు పట్టుకోవడంలో మెరుగయ్యారని 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. డాక్టరు కాబోయేవాళ్ళకే చూపు నేర్పాల్సి వస్తోందంటే, మూడో తరగతిలో మొదలెడితే తప్పేముంది?

ఇక ఎలా చూపించాలన్నది. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఎందుకంటే మ్యూజియంకి తీసుకెళ్ళి కూడా పిల్లకి ఏమీ చూపించకుండా వెనక్కి తేవచ్చు. మనవాళ్ళు చేసేది చూడండి. టికెట్ కొన్నాం కాబట్టి ప్రతి గదీ తిరగాలి. ముందు నాన్న, వెనక అమ్మ, మధ్యలో పిల్ల. "అదిగో కత్తి, అదిగో ఏనుగు దంతం, పద పద." ప్రతి పెద్ద బొమ్మ దగ్గరా ఒక సెల్ఫీ. పిల్లకి మిగిలేది కాళ్ళ నొప్పులు. పెద్దవాళ్ళు కూడా ఇంతే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో గొప్ప చిత్రం ముందు ఎంతసేపు ఉంటారో కొలిచారు. సగం మంది 17 సెకన్లు కూడా ఆగలేదు.

మీరు చేయాల్సింది చాలా తక్కువ. పాపకి కడుపునిండా టిఫిన్ పెట్టి, పొద్దున్నే గేటు తెరిచేసరికి ఉండండి. లోపల గంట, మహా అయితే గంటన్నర. ఆ గంటలో నాలుగైదు వస్తువులు చాలు. ఏవి చూడాలన్నది పాపనే ఎంచుకోనివ్వండి. మీకు గొప్పగా తోచింది వదిలేసి మూలనున్న కుక్కబొమ్మ దగ్గర కూర్చుండిపోతే, మీరూ కూర్చోండి.

ఏం మాట్లాడాలో తెలియకపోతే, న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో విద్యావిభాగం చూసిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వవేత్త అబిగైల్ హౌసెన్ కలిసి రూపొందించిన మూడు ప్రశ్నలున్నాయి. నేను బడిలో వాడినవి అవే. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? అంతే. రెండో ప్రశ్న ప్రాణం. "ఈయమ్మకి కోపంగా ఉంది" అంటుంది పాప. "ఎలాగ తెలిసింది?" అనండి. కనుబొమలు చూపిస్తుంది, బిగించిన పిడికిలి చూపిస్తుంది. చెప్పింది తప్పనిపించినా దిద్దకండి. బొమ్మ పక్కన పలక మీద రాసింది ముందే గట్టిగా చదవకండి. పేరూ, శిల్పీ, కాలమూ పాప అడిగితే అప్పుడు చదివి చెప్పండి. ముందే చదివితే చూపు అక్కడితో ఆగిపోతుంది, "ఓహో, ఇదన్నమాట" అనుకుని ముందుకెళ్ళిపోతుంది.

ఒక పెన్సిలూ చిన్న డ్రాయింగు పుస్తకమూ ఇవ్వండి. నచ్చినదాన్ని గీయమనండి. పోలిక కుదరకపోయినా పరవాలేదు. గీయాలంటే చూడాలి కదా! చెవికి ఎన్ని పోగులు, నడుముకి వడ్డాణం ఎన్ని పేటలు అని లెక్కపెట్టాల్సి వస్తుంది. ఆ గీత ఇంటికొచ్చాక "అచ్చం అలాగే ఉందే" అనో "ఇదేంటి, ఇలా గీశావు" అనో అనకుండా, "ఇది ఎక్కడ చూశావు, నాకు చెప్పు" అనండి.

చాలామంది తల్లిదండ్రులు నోరు విప్పి అడగని సంగతి ఒకటుంది. బట్టల్లేని బొమ్మలు. సాలార్‌జంగ్‌లో యూరప్ శిల్పాలున్నాయి, మన గుళ్ళ మీదా ఉన్నాయి. అలాంటిది ఎదురైతే చెయ్యి పట్టుకుని గబగబా లాక్కెళ్తారు. అప్పుడు పిల్ల నేర్చుకునేది ఒక్కటే, ఇక్కడేదో సిగ్గుపడాల్సింది ఉందని. ఆగండి. "ఆయనకి బట్టలేవీ?" అని పాప అడిగితే, "మనిషి ఒంట్లో కండ, ఎముక ఎలా కదులుతాయో రాతిలో చూపించాలని శిల్పికి ఉంది, అందుకని అలా చెక్కాడు" అని మామూలు గొంతుతో చెప్పండి. పిల్ల సరేనంటుంది. "చెయ్యి చూడు, నరాలు కనిపిస్తున్నాయి" అని తనే చూపిస్తుంది. ఇబ్బంది మనదే, పిల్లలది కాదు.

ఇక మనకి దగ్గర్లో ఏమున్నాయన్నది. హైదరాబాద్ కోసం ఆగక్కర్లేదు.

విశాఖ బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. 1991 నుంచి నడుస్తోంది. ఆయుధాలు, నాణేలు, పాత చిత్రపటాలు చూడొచ్చు. మీవారి బీచ్ కోరిక కూడా అదే రోడ్డు మీద తీరుతుంది. ఒక్క సలహా, మ్యూజియం ముందు, కురుసుర జలాంతర్గామి తర్వాత. జలాంతర్గామి ఎక్కొచ్చిన పిల్ల ఇంక బొమ్మల ముందు నిలవదు.

నన్నడిగితే అంతకన్నా ముందు శాలిహుండం వెళ్ళండి. శ్రీకాకుళం దగ్గర గార మండలంలో, వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. 1919లో గిడుగు వెంకట రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చారు. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగు వారే. అక్కడి మ్యూజియంలో తార, మారీచి మొదలైన బౌద్ధ దేవతల శిల్పాలున్నాయి. మారీచి బౌద్ధుల వెలుగు దేవత, ఆమె రథాన్ని ఏడు పందులు లాగుతాయి. పాపకి ముందు అరసవల్లి చూపించి, సూర్యుడి రథానికి ఎన్ని గుర్రాలో లెక్కపెట్టించి, అదే రోజు శాలిహుండం తీసుకెళ్ళండి. మారీచి గురించి మీరేమీ చెప్పకండి. పీఠం దగ్గర ఏమున్నాయో తననే వెతకమనండి. ఒక మతంలోని ఊహ ఇంకో మతంలో ఎలా రూపు కడుతుందో పెద్ద పుస్తకాలు చెబుతాయి. మన జిల్లా పిల్లకి అరసవల్లి నుంచి శాలిహుండం వెళ్ళే దారిలోనే ఆ ప్రశ్న పుడుతుంది.

శ్రీముఖలింగం మ్యూజియం కాదు గానీ దాని గోడలు చూస్తే అంతకు తక్కువేమీ కాదు. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు, తూర్పు గంగుల కాలం నాటివి. మనం దర్శనం చేసుకుని, కొబ్బరికాయ కొట్టి వచ్చేస్తాం. ఈసారి దర్శనమయ్యాక గుడి చుట్టూ మెల్లిగా ఒక్క ప్రదక్షిణ చేసి, గోడ మీద ఎన్ని రకాల జంతువులున్నాయో పాపని వెతకమనండి.

ఇంకొకటి, ఇది నా సొంత నమ్మకం. మ్యూజియం చూసేముందు పిల్లలు ఒక చేతిపని జరుగుతుండగా చూడాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు పనస చెక్కతో వీణలు చేస్తాయి. ఒకే దుంగలోంచి మొత్తం వీణ తొలిచే పని చూసిన పిల్ల, మ్యూజియంలో ఏ చెక్కబొమ్మ చూసినా "ఇది ఎన్ని ముక్కలు అతికారు?" అని అడుగుతుంది. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం చూసిన పిల్ల, పాత చిత్రంలో పల్చటి ఉత్తరీయం కనిపిస్తే ఆ నూలు ఎలా వడికారో అడుగుతుంది. చేతులు పడే కష్టం తెలిసిన కన్ను వేరేలా చూస్తుంది. సవర గిరిజనుల ఇళ్ళ గోడల మీద ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో వేసే బొమ్మలు కూడా సీతంపేట వైపు వెళ్ళినప్పుడు చూపించండి. అయితే అవి వాళ్ళ దేవతలకీ పెద్దలకీ వేసుకునే బొమ్మలు. ఇంటివాళ్ళని అడిగి, చెప్పులు విప్పి చూడాలని పాపకి ముందే చెప్పండి.

కొంచెం పెద్దయ్యాక రాజమండ్రి దామెర్ల రామారావు చిత్రశాలకి తీసుకెళ్ళండి. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయిన మనిషి. అంత చిన్న వయసులో అన్ని బొమ్మలు! ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. ఆడపిల్లకి ఈ మాట తప్పకుండా చెప్పండి. మన దగ్గరి అంట్యాకుల పైడిరాజు గారి గురించీ చెప్పండి. బొబ్బిలిలో పుట్టి, మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివి, మన విజయనగరంలో పిల్లలకి బొమ్మలు నేర్పిన చిత్రకారుడు. గొప్ప చిత్రకారులు ఎక్కడో పుడతారనుకునే పిల్లకి, రైలెక్కి గంటలో చేరే ఊళ్ళో కూడా పుడతారని తెలియాలి.

"ఇవన్నీ ఫోన్లో కనిపిస్తాయి కదా" అని మీవారు తప్పకుండా అంటారు. కనిపిస్తాయి. ఇంటికొచ్చాక మళ్ళీ చూసుకోవడానికి ఫోను మంచిదే. కానీ ఫోన్లో రెబెక్కా, చీమ, కొండ అన్నీ ఒకటే సైజు. చుట్టూ తిరిగి వెనకవైపు చూడటం కుదరదు. మన ఇళ్ళల్లో క్యాలెండరు మీద రవివర్మ లక్ష్మీదేవిని చూస్తూ పెరిగిన పిల్ల, ఆయన చేత్తో వేసిన చిత్రం ఎదురుగా చూస్తే రంగు పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఎవరో ఒక మనిషి ఇక్కడ నిలబడి కుంచె ఆడించాడని అప్పుడు తెలుస్తుంది.

మీవారిని కూడా వెంటబెట్టుకెళ్ళండి. పాపని అడిగిన మూడు ప్రశ్నలూ పాప చేత ఆయన్నీ అడిగించండి. తండ్రికి ఒకటి కనిపించి తనకి వేరేది కనిపిస్తే, రెండూ బొమ్మలో ఉన్నవేనని తెలిస్తే, పిల్లకి తన చూపు మీద నమ్మకం వస్తుంది.

సెలవు రోజులు బయల్దేరే ముందు కనుక్కోండి. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. హైదరాబాద్ వెళ్తే గంట కొట్టే గడియారం దగ్గరికి పన్నెండుకి పది నిమిషాల ముందే చేరండి, చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి పన్నెండు సార్లు కొడతాడు, జనం కిక్కిరిసిపోతారు. శాలిహుండం మాత్రం ఎండ ముదరకముందే కొండెక్కేలా పొద్దున్నే బయల్దేరండి. నీళ్ళూ టోపీలూ దగ్గర పెట్టుకోండి. వెళ్ళొచ్చాక పాప ఏమందో ఇక్కడ రాయండి, ఆ మాటల్ని బట్టి తర్వాత ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుందో చెబుతాను.